బావ షష్టిపూర్తి ప్రయాణానికి పాటలు ఏరేముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

తిరుపతిలో మీ నాన్న షష్టిపూర్తి అయిన మర్నాడు అందర్నీ వ్యాన్‌లో హార్స్‌లీ హిల్స్‌కి తీసుకెళ్లి, దారి పొడుగునా పాత ప్రయాణాల్లో విన్న పాటలు వినిపించాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. నువ్వు పంపిన లిస్టు మాత్రం నచ్చలేదు. ఫోన్‌లో చెప్తే మధ్యలో మీ పిల్లలు లాక్కుంటారు కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల నాటి హిట్ పాటలని నెట్‌లో కొట్టి, వచ్చినవన్నీ దించుకున్నట్టున్నావు. మంచి పాటలే. మీ నాన్న తల ఊపుతాడు, మీ అమ్మ గొంతు కలుపుతుంది. పీలేరు దాటేసరికి ఇద్దరూ నిద్రపోతారు. ఆ లిస్టు పట్టుకుని ఏ ఇంటివాళ్లయినా ఏ ఊరికైనా వెళ్లొచ్చు. మీరు తిరిగిన ఊళ్లు అందులో ఎక్కడా లేవు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర క్యాసెట్ల షాపు నడిపినన్నాళ్లూ నేను చూసింది ఒకటుంది. కొండ దిగొచ్చిన యాత్రికులు పాట పేరు చెప్పి అడిగేవాళ్లు కాదు. 'పైన మైకులో వస్తా ఉంటుందే, అది ఇయ్యి సామీ' అనేవాళ్లు. పాడిందెవరో తెలీదు, మాటలు గుర్తుండవు, కూనిరాగం తీసి చూపించేవాళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడకి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం పెట్టాను. రెండు శ్లోకాలు అయ్యాయో లేదో, చీర కొంగు భుజాల మీదుగా కప్పుకుని, 'ఇదే బాబూ, సత్రంలో చన్నీళ్లు పోసుకుంటుంటే వినపడింది' అంది. మిట్టమధ్యాహ్నం, మా షాపులో ఫ్యాను కూడా తిరగడం లేదు!

ఆ రికార్డు 1963లో వచ్చింది. ఎవరింట్లోంచో ఒకరింట్లోంచి రోజూ అది వింటూ పెరిగిన మాకు, ఆ గొంతు వినగానే గుర్తొచ్చేది పాలు తేవడానికి గిన్నె పట్టుకుని పరిగెత్తడం. ఆవిడకి మాత్రం ఆ నాలుగు రోజుల యాత్ర మొత్తం కళ్లముందుకు వచ్చేసింది. ఊరికెళ్లాక ఆవిడ కూడా ఆ క్యాసెట్ రోజూ వేసుకుని ఉంటే, కొన్నాళ్లకి అదీ వంటింటి పాటే అయిపోయుంటుంది. అందుకని నీకు కావలసింది మీవాళ్లకి బాగా ఇష్టమైన పాటలు కాదు. ఇష్టమైనవి రోజూ వింటూనే ఉంటారు. ఏదో ఒక ప్రయాణంలో పదేపదే విని, ఆ తర్వాత పెద్దగా వినని పాటలు పట్టుకోవాలి.

వాటిని ఎలా పట్టుకోవాలి? 'నాన్నా, నీకు ఏ పాటలంటే ఇష్టం' అని మాత్రం అడగకు. ఘంటసాల అంటాడు. ఆ వయసువాళ్లని ఎవర్ని కదిపినా మొదట అదే మాట. ఘంటసాల గారు 1974లోనే పోయారు, అప్పటికి మీ నాన్న స్కూల్లో నిక్కర్లు వేసుకుంటున్నాడు. మనిషికి పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య విన్న పాటలే గట్టిగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు చెప్తారు. షాపులో నేను చూసిందీ అదే. మీ నాన్న లెక్కన అది 1980 నుంచి 1990 దాకా. పెళ్లయిన కొత్త, నువ్వు చంటిపిల్లగా ఉన్న రోజులు ఇంకాస్త ఇవతల.

పాట సంగతి ఎత్తకుండా ప్రయాణం సంగతి ఎత్తు. షష్టిపూర్తికి ఫొటోల ఆల్బమ్ సర్దుతున్నానని చెప్పి, ముందు మీ అమ్మ దగ్గర కూచో. తలకోనకి వెళ్లినప్పుడు ముందు సీట్లో ఎవరు కూచున్నారు, పులిహోర ఎవరు కలిపారు, కారు ఎక్కడ ఆగిపోయింది, ఎవరు వాంతి చేసుకున్నారు, ఇలాంటివి అడుగు. వాంతి ప్రశ్న వదిలిపెట్టకు, దానికి జవాబు చెప్పనివాళ్లని నేను చూడలేదు. అక్కణ్ణుంచి మాట దానంతటదే 'అప్పుడు ఆ పాట వస్తా ఉండె' అనే దగ్గరికి వస్తుంది. మీ అమ్మ పల్లవి అందుకోదు, చిన్నప్పటి నుంచీ ఎక్కడో చరణం మధ్యలోంచి ఎత్తుకుంటుంది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన బోర్లించు. దొరికిన నాలుగు మాటలు తర్వాత నాకు పంపితే పాట నేను చెప్తాను.

పాట ఏ భాషలో విన్నారో కూడా కనుక్కో. మీరు చిత్తూరు వాళ్లు, బస్సెక్కితే గంటలో వేలూరు. ఇళయరాజా బాణీలు చాలా వాటికి తెలుగులో ఒక పాట, తమిళంలో ఒక పాట ఉన్నాయి. మీరు కొడైకెనాల్ వెళ్లింది వేలూరు టాక్సీలో. డ్రైవర్ తమిళాయన, క్యాసెట్లూ ఆయనవే. ఇప్పుడు నువ్వు అదే బాణీ తెలుగులో వేస్తే మీ అమ్మకి సినిమా హాలు గుర్తొస్తుంది కానీ కొడైకెనాల్ రాదు. మాటలు సగం అర్థం కాకుండా విన్న పాట అది, అలాగే వినిపించాలి. రీమిక్సుల జోలికి వెళ్లకు. స్టేజి మీద వేరేవాళ్లు పాడినవీ వద్దు. ఆర్కెస్ట్రాలో ఒక్క ఫ్లూటు బిట్ తేడా వచ్చినా 'ఇది కాదే' అంటారు, ఎందుకు కాదో చెప్పలేరు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. పెళ్లైన ఏడాదే మీ నాన్న నోటుపుస్తకం కాగితంలో పాటలు రాసుకొచ్చి నా చేత రికార్డు చేయించుకున్నాడు. అరవై నిమిషాల టేపు, అంటే ఒక్కో వైపు అర్ధగంట. ఎ సైడ్‌లో ఆరు పాటలు పట్టి, ఏడోది రెండో చరణంలో తెగింది. టేపు అయిపోతే ఎవరేం చేస్తారు! బావకి చెప్తే 'ఉండనీలే బావా' అన్నాడు. ఆ తర్వాత ఎన్నేళ్లు మీరు ఎక్కడికి వెళ్లినా అదే క్యాసెట్. ఓసారి శ్రీకాళహస్తికి మీతోపాటు నేనూ వచ్చాను. నువ్వూ మీ తమ్ముడూ వెనక సీట్లో గొంతులు చించుకుని పాడుతూ, సరిగ్గా ఆ తెగిన మాట దగ్గర టక్కున ఆపేశారు. అదే క్షణంలో ప్లేయర్ బటన్ 'టక్' మంది. కారంతా ఒకటే నవ్వు. ఆ పాటకి అవతల ఇంకా ఉందని మీ తమ్ముడికి పెద్దయ్యాక టీవీలో చూసేదాకా తెలీదు.

ఇప్పుడు నువ్వు నెట్‌లోంచి ఆ పాట పూర్తిగా తెచ్చిపెట్టావు. తీసెయ్. ఆ ఏడు పాటలూ అదే వరసలో పెట్టు. ఎందుకంటే ఒక పాట అయిపోతుండగానే మనసు తర్వాతి పాట మొదలు అందుకుంటుంది. ఆ జాగాలో ఇంకోటి వస్తే మెట్టు ఉందనుకుని కాలేసినట్టు ఉంటుంది. ఏడో పాటని ఆ మాట దగ్గరే కత్తిరించు. 'టక్' చప్పుడు కూడా ఉండాలి. ఆ తర్వాత ఏ పాటా వెంటనే మొదలుకానివ్వకు, వాళ్లని కాసేపు మాట్లాడుకోనీ. ఇవన్నీ సెట్ చేయడం మీ ఆయనకి తెలుసు, ఆయన్ని కూచోబెట్టు.

అన్నీ సినిమా పాటలే కానక్కర్లేదు. మీ అమ్మానాన్నా ఎక్కడికి బయల్దేరినా తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లు. దారిలో టీ అంగట్లో రేడియో పెట్టగానే ఆకాశవాణి ట్యూన్ వచ్చేది. 1936లో వాల్టర్ కాఫ్‌మన్ అనే ఆయన కట్టినది. వ్యాన్ చంద్రగిరి దాటకముందే, ఎవరూ ఇంకా సరిగ్గా నిద్ర లేవకముందే, మొట్టమొదట అది వెయ్యి. ఏమీ చెప్పకు.

మీ చిన్నాన్న పాటల గురించి కాస్త జాగ్రత్త. ఏ ప్రయాణంలోనైనా పాడేవాడంటే అతనే, పాడితే బాలూ పాటే పాడేవాడు. 2020 సెప్టెంబర్‌లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పోయినరోజు మీ నాన్న రాత్రి దాకా టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ ఏడుపు బాలూ ఒక్కడి కోసమే కాదని మీ అమ్మ నాతో అంది. ఆ పాటలు పెట్టొద్దని నేను చెప్పను. అవి లేకపోతే మీ నాన్న అడగడు కానీ వెతుక్కుంటాడు. ఒక్కటి పెట్టు. ఏది పెడుతున్నావో మీ అమ్మకి ముందే చెప్పు. నడుస్తున్న వ్యాన్‌లో, పదిమంది చూస్తుండగా వద్దు. మదనపల్లెలో టిఫిన్‌కి ఆగినప్పుడు, పిల్లలు కిందకి దిగాక వేస్తే, ఆయన కావాలంటే లోపలే కూచుంటాడు, లేదంటే టీకి దిగుతాడు.

మదనపల్లె అన్నాను కాబట్టి ఇంకో మాట. అక్కడి బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీలో 1919లో రవీంద్రనాథ్ టాగూర్ కొన్నాళ్లు ఉన్నాడు. జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసింది కూడా అక్కడే. రోజూ స్కూల్లో పాడే పాటకి మన పక్కన ఇంత కథ ఉందని పిల్లలకి తెలీదు. గేటు ముందు ఆపి చూపించు. మీ నాన్నకి ఇలాంటివి చెప్పడమంటే సరదా, నువ్వు తెలియనట్టు ఊరుకుంటే ఆయనే చెప్తాడు.

భాకరాపేట ఘాట్‌లో మాత్రం సౌండ్ బాగా తగ్గించమను, మలుపుల్లో ఎదుటి లారీ హారన్ డ్రైవర్‌కి వినపడాలి. మొత్తం మీద పాతిక పాటలకి మించనివ్వకు. దారంతా పాటలే అయితే కబుర్లెప్పుడు చెప్పుకుంటారు?

మీ పిల్లల్ని కూడా ఓ పాట ఎంచుకోమను. వాళ్లకి మన పాత పాటలు వినీ వినీ విసుగొస్తుంది, నిజమే కదా. కొత్తది, వాళ్లకి నచ్చింది, ఒక్కటే. కొండెక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి వెయ్యి. ఇంటికొచ్చాక దాన్ని ఫోన్లో రోజూ మోగించకుండా చూడు. వాళ్లు వినరనుకో, చెప్పి చూడు.

ఆ పాత క్యాసెట్ మీ నాన్న బీరువాలో, పై అరలో ఉందని మీ అమ్మ చెప్పింది. కొరియర్‌లో నాకు పంపు, లేదా ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు. నువ్వు మాత్రం ప్లేయర్‌లో పెట్టకు. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న టేపుని ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి పూర్తిగా తిప్పి, వెనక్కి తిప్పాలి. లేకపోతే చుట్టలు అతుక్కుని పట్టేస్తుంది. క్యాసెట్ మీది కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి బూజు కనబడుతోందేమో చూసి చెప్పు. బూజుంటే అసలు తిప్పకూడదు, విప్పి శుభ్రం చేయాలి. లోపల టేపుని హెడ్‌కి, అంటే ప్లేయర్‌లో పాట చదివే భాగానికి, ఆనించే చిన్న స్పాంజి ముక్క రాలిపోయి ఉంటే, దానికి నా దగ్గర పాత క్యాసెట్లు ఉన్నాయి, అందులోంచి తీసి వేస్తాను. నా ప్లేయర్ బెల్టు సాగి పాట నీరసంగా వస్తోంది, ఈ వారంలో మార్పిస్తున్నాను. హెడ్ స్పిరిట్‌తో తుడిచి, కంప్యూటర్‌కి వైరు కలిపి రెండు వైపులా ఒకదాని వెంట ఒకటి ఎక్కించేస్తాను.

బి సైడ్‌లో ఏమున్నాయో నాకు గుర్తులేదు. మీ అమ్మని అడుగు, మీ నాన్నని కాదు. క్యాసెట్ పది రోజుల ముందైనా నా చేతికి రావాలి.

ఇట్లు,
మామయ్య
తిరుపతి