బీటెక్ వద్దు, ప్లాస్మాలో అలలు చదువుతానంటోంది... ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, బట్టల కొట్టు. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. లెక్కలు, ఫిజిక్స్ బాగా వస్తాయి. వైజాగ్‌లో బీటెక్‌లో చేర్పిద్దామనుకున్నాం. ఇంతలో టోకమాక్ అనే యంత్రం గురించి ఎక్కడో చదివి, ప్లాస్మాలో పుట్టే అలల మీద పరిశోధన చేస్తానని కూర్చుంది. అది అన్నం పెట్టే చదువేనా? ఇక వాళ్లమ్మ టెన్షన్ వేరు. ఎన్నేళ్లు చదవాలి, పెళ్లి ఎప్పుడు చేయాలి అని.

జవాబు: "ఏ బ్రాంచి తీసుకుంటే ప్యాకేజీ ఎక్కువ?" అని అడిగే పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. ఫలానా విషయం కావాలని పేరు పెట్టి అడిగేవాళ్లు అరుదు. కాబట్టి అమ్మాయి మీద కోపం తెచ్చుకోకండి. అయితే ప్లస్ టూ కాగానే చేరడానికి ఆ పేరుతో డిగ్రీ ఏదీ లేదు. ముందు ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ స్థాయి దాకా చదవాలి, ప్లాస్మా అసలు పని పీహెచ్‌డీలో మొదలవుతుంది.

అమ్మాయి అడుగుతున్నదేమిటో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. వాయువును బాగా వేడెక్కిస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. దాన్నే ప్లాస్మా అంటారు. కోట్ల డిగ్రీల వేడి మీదున్న దాన్ని ఏ పాత్రలోనూ పోయలేం. అందుకే గారె ఆకారపు గదిలో, గోడలకు తగలకుండా అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచుతారు. టోకమాక్ అంటే ఇదే.

మీరు బట్టల వ్యాపారంలో ఉన్నారు, మగ్గం చూసే ఉంటారు. బిగించిన పడుగులో ఒక దారాన్ని వేలితో మీటితే ఆ వణుకు అవతలి చివరిదాకా పోతుంది కదా? ప్లాస్మాలో అయస్కాంత బలరేఖలు అలాంటి బిగువు దారాలే. వాటిని చుట్టుకుని తిరిగే అయాన్లు ఆ దారాలకు బరువు. క్షేత్రం బలపడేకొద్దీ అల వేగంగా పోతుంది, ప్లాస్మా చిక్కబడేకొద్దీ నెమ్మదిస్తుంది. ఇలాంటి అల ఉంటుందని 1942లో స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్వెన్ కాగితం మీద లెక్క కట్టి చెబితే చాలామంది నమ్మలేదు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ అలలతో లాభమూ ఉంది, చేటూ ఉంది. ఉయ్యాలను సరైన సమయానికి తోస్తే ఊపు పెరుగుతుంది. అలాగే, గుండ్రంగా తిరిగే ఎలక్ట్రాన్ల లయకు సరిపోయే తరంగాన్ని బయటి నుంచి పంపితే ప్లాస్మా వేడెక్కుతుంది. ఇక చేటు. టోకమాక్ అసలు ఉద్దేశం తేలికైన పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం, దీన్నే సంలీన చర్య అంటారు. అందులో పుట్టే ఆల్ఫా కణాలు, అంటే హీలియం కేంద్రకాలు, ప్లాస్మాను వేడిగా ఉంచాలి. కానీ వాటి వేగం ఆల్ఫ్వెన్ అల వేగాన్ని మించిపోవచ్చు. అప్పుడు అవే అలల్ని రెచ్చగొట్టి, ఆ అలల దెబ్బకే బయటికి కొట్టుకుపోతాయి. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి సంలీన శక్తి కోసం కడుతున్న ఐటర్ లాంటి యంత్రాలకు ఇది చిన్న సమస్య కాదు. అందులో మన దేశమూ భాగస్వామే. దాని బయటి గుల్ల, అంటే సుమారు 30 మీటర్ల ఎత్తుండే క్రయోస్టాట్, మన దేశం ఇచ్చిందే.

మన దేశంలో ఈ పనికి పెద్ద చిరునామా గాంధీనగర్ దగ్గర భాట్ అనే ఊళ్లో ఉన్న ప్లాస్మా పరిశోధన సంస్థ, ఐపీఆర్. అక్కడి ఆదిత్య టోకమాక్ 1989లో మొదలైంది, తర్వాత దాన్ని ఆధునీకరించారు. ఎస్‌ఎస్‌టీ-1 అనే మరో యంత్రమూ ఉంది. పీహెచ్‌డీ అక్కడే చేయవచ్చు.

అక్కడికి చేరే దారి మీ గుమ్మంలోంచే మొదలవుతుంది. బరంపురంలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, అందులో ఐదేళ్ల బీఎస్-ఎమ్మెస్. భువనేశ్వర్ పక్కన జట్నీలో అలాంటిదే నైసర్ ఉంది, అందులో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ. మొదటిదానికి ఐఏటీ, రెండోదానికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రెండూ దేశమంతటికీ ఒకటే పరీక్షలు. ఆంధ్రాలో మీకు ఎదురయ్యే లోకల్, నాన్‌లోకల్ గొడవ వీటిలో లేదు. కానీ ఒక మెలిక ఉంది. ఐఏటీలో బయాలజీ ప్రశ్నలు కూడా ఉంటాయి. లెక్కల పిల్లలు చాలామంది దాన్ని చివరి నెలలో చూసుకుంటారు. మీ అమ్మాయిని ఇప్పుడే మొదలుపెట్టమనండి. సీటు రాకపోతే మంచి కాలేజీలో బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. ఆ దారి ఏ మాత్రం తక్కువది కాదు.

ఇప్పుడు వాళ్లమ్మ గారి ప్రశ్న. ఐదేళ్ల చదువు, తర్వాత ఐదారేళ్ల పీహెచ్‌డీ. అంటే అమ్మాయికి ఇరవై ఎనిమిది దాటుతుంది. దీన్ని దాచి చెప్పను. కాకపోతే పీహెచ్‌డీ మీ డబ్బుతో చదివేది కాదు. 2023 నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. పెళ్లి చేసుకుని పరిశోధన పూర్తి చేసినవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. నన్ను అడిగితే అసలు ఆలోచించాల్సింది పెళ్లి గురించి కాదు, పీహెచ్‌డీ తర్వాత ఏమిటన్నది. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ గట్టిది. అయితే ప్లాస్మా తెలిసినవాళ్లకు చిప్‌ల తయారీలో, ఉపగ్రహాలను కదిలించే థ్రస్టర్లలో కూడా పని ఉంటుంది.

మీరనుకున్న బీటెక్ కూడా ఈ దారికి అడ్డం కాదు. ఎలక్ట్రానిక్స్ తీసుకుని మైక్రోవేవ్ వైపు వెళితే, తరంగాన్ని పుట్టించి యంత్రంలోకి పంపే పనంతా ఇంజనీర్లదే. అలల లెక్కలు నచ్చితే ఫిజిక్స్, యంత్రం నచ్చితే ఇంజనీరింగ్. ఏది నచ్చిందో అమ్మాయికే ఇంకా తెలిసి ఉండకపోవచ్చు. ఎక్కడో చదివి పుట్టిన ముచ్చటా, నిజమైన ఆకలా అన్నది మార్కులు చూసి చెప్పలేం.

అందుకే ఈ ఆదివారం ఒక లెక్క ఇవ్వండి. 1.5 టెస్లా అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుంది? కావలసిన సూత్రం ప్లస్ టూ పుస్తకంలోనే ఉంది. జవాబు సుమారు 42 గిగాహెర్ట్జ్ రావాలి, అంటే సెకనుకు 4,200 కోట్ల చుట్లు. గాంధీనగర్‌లో ప్లాస్మాను వేడెక్కించే జైరోట్రాన్ అనే మైక్రోవేవ్ పరికరం కూడా 42 గిగాహెర్ట్జ్‌దే. ఆ మాట అమ్మాయికి లెక్క అయ్యాకే చెప్పండి. జవాబు సరిగ్గా రావడం గొప్పేమీ కాదు, కోచింగ్‌కు వెళ్లే ఎవరైనా చేస్తారు. ఆ సూత్రంలో ఎలక్ట్రాన్ వేగం ఎక్కడా కనిపించదు. వేగంగా పోయేదీ నెమ్మదిగా పోయేదీ ఒకే లయలో ఎందుకు తిరుగుతాయని తనంతట తాను అడిగితే, ఐఏటీ దరఖాస్తు నింపేయండి. అడగకపోతే తొందరేం లేదు, ఐఏటీకీ బీటెక్ పరీక్షకూ రెండు దరఖాస్తులూ పెట్టించి ఫలితాలొచ్చాక నాకు మళ్లీ రాయండి.