గేదె వీర్యం స్ట్రాలో మునగాకు రసం కలపవచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర గేదెలు పెంచే ఒక రైతు ప్రశ్న ఇది. స్ట్రా అంటే కృత్రిమ గర్భధారణ కోసం గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నని గొట్టం. ఇంట్లో మాత్రం కలపకండి. కానీ ఆలోచన వెనక శాస్త్రం ఉంది.

వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వ చేస్తారు. గడ్డకట్టేటప్పుడు, కరిగేటప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు శుక్రకణం పైపొరలోని కొవ్వును దెబ్బతీస్తాయి. పాత నూనె కనరు వాసన పట్టడం లాంటిదే. దున్నపోతు శుక్రకణాల్లో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ కాబట్టి ఆంబోతు వీర్యం కంటే ఇది తొందరగా పాడవుతుంది. మునగాకు, గ్రీన్ టీ సారాల్లోని పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు, పసుపులోని కర్కుమిన్ ఈ నష్టాన్ని తగ్గించగలవు. కరిగాక కణాల కదలిక మెరుగైనట్టు ప్రయోగాల్లో కనిపించింది. మోతాదు మించితే మాత్రం అవే హాని చేస్తాయి. పైగా కదలిక పెరిగినంత మాత్రాన చూడి నిలుస్తుందని హామీ లేదు.

వీటిని కలపాల్సింది గడ్డకట్టించక ముందే, ల్యాబ్‌లో, గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ ఉన్న ద్రావణంలో. మీ చేతిలో ఉన్నవి వేరే, నా దృష్టిలో అవే ముఖ్యం. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించి వెంటనే వేయమని ఇంజెక్షన్ వేసే సిబ్బందికి చెప్పండి. ఎండాకాలం గేదెల్లో మూగ ఎద (పైకి లక్షణాలు సరిగా కనిపించని ఎద) ఎక్కువ, అందుకే తెల్లవారుజామున, రాత్రి జననాంగం నుంచి కారే జిగట తీగలు గమనించండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం వేయించండి.