క్రాస్ లింకింగ్ చేయించాక కళ్ళద్దాలు పోతాయా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్ళలో మూడుసార్లు అద్దాలు మార్చాం, ప్రతిసారీ సిలిండర్ పవర్ (కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్) పెరిగింది. ఇటీవల టోపోగ్రఫీ (కంటి ముందుపొర వంపును కొలిచే పరీక్ష) తీసిన డాక్టరు గారు కెరటోకోనస్ అని, కుడికంటికి క్రాస్ లింకింగ్ చేయించాలని చెప్పారు. అద్దాలు మాత్రం పోవన్నారు. చూపు పెరగనప్పుడు ఈ చికిత్స ఎందుకు? ఇంటర్ పరీక్షలయ్యేదాకా ఆగవచ్చా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు ఉన్నమాట చెప్పారు. కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. కెరటోకోనస్‌లో దానిలోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య పట్టు సడలి, పొర పలచబడి, లోపలి ఒత్తిడికి శంకువులా ముందుకు పొడుచుకువస్తుంది. పవర్ అన్నిసార్లు మారింది అందుకే. క్రాస్ లింకింగ్ ఆ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పరచి పొరను గట్టిపరుస్తుంది. అంటే వ్యాధి అక్కడితో ఆగాలన్నదే దీని ఉద్దేశం. కొందరికి వంపు కొంత తగ్గుతుంది కానీ, దానిపై ఆశ పెట్టుకోవద్దు. చూపు కోసం తరువాత కూడా అద్దాలో, ఆర్‌జీపీ (గాలి చొరబడే గట్టి కాంటాక్ట్ లెన్స్) లేదా స్క్లెరల్ (తెల్లగుడ్డుపై ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్) లెన్సులో అవసరమవుతాయి.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొంది, రోగులపై తొలి ఫలితాలు 2003లో వెలువడిన మూల పద్ధతిలో, చుక్కలతో మొద్దుబార్చిన కంటి పైపొరను తీసి, పసుపురంగు రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) చుక్కలను అరగంటపాటు వేస్తూ, ఆపై మరో అరగంట అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తారు. ఇప్పుడు కాంతి తీవ్రత పెంచి తక్కువ సమయంలో ముగించే పద్ధతులూ ఉన్నాయి. పైపొర తీశాక కార్నియా మందం సాధారణంగా 400 మైక్రాన్లకు (0.4 మిల్లీమీటరుకు) తగ్గకూడదు, లేకపోతే లోపలి కణాలకు హాని కలగవచ్చు. పొర మరీ పలచబడితే ఈ అవకాశమే చేజారుతుందని నా భయం. కౌమారంలో వ్యాధి వేగంగా ముదరవచ్చు.

తరువాత రెండు మూడు రోజులు నొప్పి, మంట, నీరు కారడం ఉంటాయి; పైపొర మానేదాకా కంటికి కట్టులా కాపుండే మెత్తని బ్యాండేజ్ లెన్స్ పెడతారు. చూపు కొన్ని వారాలు మసకగా ఉండి, మెల్లగా తేరుకుంటుంది. ఇన్ఫెక్షన్, మచ్చ వంటివి అరుదే అయినా, నొప్పి పెరిగినా కన్ను బాగా ఎర్రబడినా ఆలస్యం చేయకుండా చూపించాలి. కనుక పరీక్షలు నెలలోపే ఉంటే డాక్టరు గారితో మాట్లాడి, అవి ముగిసిన వారంలోనే చేయించండి. ఇంకా ఆరు నెలలుంటే మాత్రం ఆగవద్దు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను: పుస్తకం ముందు కూర్చుని వేళ్ళ కణుపులతో కళ్ళు నులుముకుంటాడేమో గమనించండి. ఆ ఒత్తిడి వ్యాధి ముదిరేలా చేస్తుంది. అలర్జీ దురద ఉంటే దానికి విడిగా మందు వాడించాలి. చికిత్స చేయించినా నులమడం మానకపోతే ఫలితం నిలవకపోవచ్చు. ఎడమకంటిని కూడా డాక్టరు గారు చెప్పిన వ్యవధిలో కొలిపించండి. తోబుట్టువులుంటే వారికీ ఒకసారి టోపోగ్రఫీ తీయించండి.