అటక మీది తాటాకు కట్టలు ఏం చేయాలి?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. పాత మండువా ఇల్లు విప్పిస్తుంటే అటక మీద రెండు తాటాకు కట్టలు దొరికాయి. మావయ్యగారు పుష్కరాలకి గోదాట్లో కలిపేద్దామంటున్నారు. మా ఆయనేమో మ్యూజియానికి ఇద్దామంటారు. ఇచ్చినా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడం తప్ప వాళ్లు చేసేదేముంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, దయచేసి గోదాట్లో మాత్రం కలపకండి. అక్షరం కాళ్ల కింద పడకూడదన్న మావయ్యగారి భావన గొప్పదే, కానీ నీళ్లలో వదిలిన కట్ట ఇంకెవరికీ దొరకదు.

మనకి కనిపించే అద్దాల బీరువా చాలా చిన్న భాగం. అసలు పని వెనక గదిలో జరుగుతుంది. ముందు బూజు, పురుగు చూసి ఆకులు శుభ్రం చేస్తారు, నిమ్మగడ్డి నూనె పట్టించి మెత్తబరుస్తారు, గంటంతో గీసిన గీతల్లో మసి పోయి ఉంటే మళ్లీ మసి అద్దుతారు, అప్పుడే అక్షరం నల్లగా పైకి తేలుతుంది. ఆ తర్వాత చదవడం. పదాల మధ్య ఖాళీ ఉండదు, వలపలగిలకలు (‘ర్’కి బదులు తర్వాతి అక్షరం పక్కన పెట్టే పాత గుర్తులు), పాతకాలపు వత్తులు ఉంటాయి కాబట్టి అలవాటైనవాళ్లకి కూడా ఒక్కో ఆకు గంటలు పడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చివరి ఆకు. రాసినవాడు తన పేరు, ఊరు, తిథి, వారం అక్కడే వేస్తాడు. ఉదాహరణకి ‘శార్వరి నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి గురువారం’ అని ఉందనుకోండి. శార్వరి 60 ఏళ్లకోసారి వస్తుంది, అంటే 1780 కావచ్చు, 1840 కావచ్చు, 1900 కూడా కావచ్చు. ఏ ఏడాదిలో ఆ దశమి గురువారం పడిందో స్వామికన్ను పిళ్లైగారు తయారుచేసిన పంచాంగ పట్టికల్లాంటివి పెట్టుకుని లెక్క కడతారు, తిథీ వారం రెండూ కలిసే ఏడాది సాధారణంగా ఒకటే తేలుతుంది. అప్పటిదాకా ‘పాత పుస్తకం’ అనుకున్నదానికి ఒక తేదీ వస్తుంది, మీ ఊరి చరిత్రలో ఒక మనిషి పేరు చేరుతుంది.

లోపల ఉన్నది భారతమో భాగవతమో అయితే మిగతా ప్రతులతో పోల్చి పాఠభేదాలు రాసుకుంటారు. నన్నయగారు రాజమహేంద్రవరంలో రాసిన భారతం ఆయన చేతిరాతలో మనకి మిగల్లేదు, ఇవాళ చదివేదంతా ఇలా ప్రతికి ప్రతి పోల్చి నిలబెట్టిన పాఠమే. అవి పద్యాలు కావు, కరణంగారి కవిలె కట్టలని, అంటే ఊరి లెక్కల కట్టలని తేలితే, ‘ఉత్తి లెక్కలేగా’ అని తీసిపారేయకండి. నన్నడిగితే అవే ఎక్కువ విలువైనవి. భాగవతానికి ప్రతులు ఎన్నో ఉంటాయి, మీ ఊరి లెక్కకి రెండో ప్రతి ఎక్కడుంటుంది? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందటి కవిలె అయితే, కాలవ రాకముందు మీ పొలాల్లో ఏం పండేదో, శిస్తు ఎంత కట్టేవారో దాంట్లోనే తెలియవచ్చు, ఆ సంగతి చెప్పడానికి ఇంకే పుస్తకమూ ఉండకపోవచ్చు.

ఈలోగా తడిగుడ్డ పెట్టి తుడవకండి, ఎండలో వేయకండి, తాడు విప్పి ఆకుల వరస మార్చకండి. మన కోనసీమ తేమకి చెద తొందరగా పడుతుంది కాబట్టి నేల మీద పెట్టకుండా పొడి నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. ఇచ్చేటప్పుడు ఏ ఇంట్లో, ఎవరి కాలంలో, దేని పక్కన దొరికాయో కాగితం మీద రాసి జతచేయండి, పరిశోధన చేసేవాళ్లకి ఆ నాలుగు ముక్కలు ఎంత పనికొస్తాయో చెప్పలేను. రసీదు మాత్రం అడిగి తీసుకోండి. రాజమండ్రిలో మ్యూజియంతో పాటు గౌతమీ గ్రంథాలయంలో కూడా తాళపత్రాలున్నాయి, రెండుచోట్లా మాట్లాడి చూడండి.

ప్రశ్న: పీహెచ్‌డీ లేనివాళ్లు ఇలా పాత రాతలు చదివి పరిశోధించే పని చేయకూడదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఎందుకు చేయకూడదు? రాజమండ్రిలో 1922లో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలికి ఎంతో పనిచేసిన భావరాజు వెంకట కృష్ణారావుగారు వృత్తిరీత్యా ప్లీడరు. మీరు ఏం చూడాలనుకుంటున్నారో, ఎందుకో స్పష్టంగా ఉత్తరం రాసి మ్యూజియానికో గ్రంథాలయానికో పట్టుకెళ్లండి, ముందు కేటలాగు అడగండి. పాత లిపి చదవడం మొదలుపెట్టాలంటే ద్రాక్షారామం వెళ్లండి, గుడి స్తంభాల మీదే బోలెడన్ని శాసనాలున్నాయి. వాటి పాఠాలు దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో అచ్చయ్యాయి కాబట్టి రాయినీ అచ్చునీ పక్కపక్కన పెట్టుకుని మీ అంతట మీరే నేర్చుకోవచ్చు.