పతకాల కోసం పాప చదువు డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: మాది వరంగల్. పదకొండేళ్లుగా స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనిక పతకాలు సేకరిస్తాను. ఇక్కడి పెద్దాయన ఒకరు తొమ్మిది పతకాలు, వాటి అసలు పెట్టెలతో సహా 18,000 యూరోలకు ఇస్తానంటున్నారు. పాప చదువుకు దాచిన డబ్బు తీసి కొనొచ్చా?

జవాబు: పాప డబ్బు ముట్టుకోకండి. మీ ఇష్టాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఫీజు కట్టాల్సిన నెలలోనే పతకం కొనేవాళ్లు దొరకాలని లేదు కదా.

ఒక లెక్క చూడండి. వేలంలో పాట 1,000 యూరోల దగ్గర ఆగింది, కొన్నవారు సంస్థకు అదనంగా 25 శాతం కట్టారు అనుకుందాం. ఖర్చు 1,250. తర్వాత దాన్నే వేలానికి పెడితే 15 శాతం కమిషన్ పోతుంది. పెట్టిన డబ్బు తిరిగి రావాలన్నా పాట 1,470 దాటాలి. మీరు నేరుగా కొంటున్నారు కాబట్టి మొదటి ఖర్చు తప్పుతుంది. కానీ వస్తువును పరీక్షించి చెప్పేవారు కూడా ఉండరు.

ఆ తొమ్మిదిలో ఏవేం ఉన్నాయో మీరు రాయలేదు. 1914 ఐరన్ క్రాస్ రెండో తరగతిని దాదాపు 50 లక్షల మందికి ఇచ్చారు. అది ఎప్పుడైనా దొరుకుతుంది, తొందరపడక్కర్లేదు. ప్రష్యా రాజ్యపు అత్యున్నత సైనిక పతకం పూర్ ల మెరిత్ సంగతి వేరు. ఆ యుద్ధంలో అది దక్కింది 687 మందికే. నకిలీల బెడద కూడా అలాంటి వాటికే ఎక్కువ.

పెట్టెల దగ్గరే చాలామంది మోసపోతారు. పెట్టె ఉంటే ధర బాగా పెరుగుతుంది. అందుకే ఎక్కడిదో పెట్టెలో ఇంకెక్కడిదో పతకం పెట్టి జతగా అమ్ముతుంటారు. మొదటి తరగతి క్రాస్ వెనక పిన్ను ఉంటే, లోపలి గుడ్డలో దానికి తగ్గ సందు ఉండాలి. వందేళ్లు అక్కడే ఉన్న లోహం మఖమల్ మీద అచ్చు వదులుతుంది. అతినీలలోహిత లైటు కింద గుడ్డ తెల్లగా మెరిసిందంటే అది తర్వాతి కాలపు గుడ్డ అని గట్టిగా అనుమానించండి. స్వస్తిక ఉన్న 1939 నాటి నాజీ పతకాలు ఏవైనా కలిసి ఉంటే వదిలేయండి. ఆ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం జర్మనీలో నేరం, తిరిగి అమ్మడమూ కష్టం.

పన్ను మాత్రం మీకు అనుకూలమే. ఏడాది దాటాక అమ్మితే వచ్చిన లాభం మీద జర్మనీలో పన్ను లేదు. తరచూ కొని అమ్ముతుంటే వ్యాపారంగా చూస్తారు, జాగ్రత్త.

నేనైతే ఆ పెద్దాయనను తొమ్మిదీ కాకుండా ఒకటో రెండో ఇమ్మని అడుగుతాను. బోనస్‌లో పదో వంతు దాటకుండా, నకిలీ అని తేలితే డబ్బు వాపసిస్తానని రాయించుకుని కొంటాను. ఇప్పటికే ఉన్న పతకాలకు ఫొటోలు, కొన్న ధరలు, రసీదులతో జాబితా రాసి ఈ వారమే మీ ఆవిడకు ఇవ్వండి. ఇంటి సామాన్ల బీమాలో విలువైన వస్తువులకు పరిమితి ఎంతో ఇద్దరూ కలిసి చూసుకోండి.