ఒళ్లునొప్పులకి పేరు పెట్టే ముందు

పాలకొల్లు

బుజ్జీ,

‘రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు దొడ్డమ్మా, మరి ఈ నొప్పులు ఎక్కణ్ణించి వస్తున్నాయి?’ అన్నావు. నాలుగేళ్లు నేనూ ఈ మాటే అడిగాను. ఒకాయన గ్యాస్ అన్నారు, ఇంకొకాయన వయసన్నారు. మీ పెదనాన్న మందపల్లి తీసుకెళ్లి శనీశ్వరుడికి తైలాభిషేకం కూడా చేయించారు. ఆఖరికి ఫైబ్రోమయాల్జియా అని తేలింది, అంటే పైకి వాపేమీ కనబడకుండానే ఒళ్లంతా నొప్పులు, నీరసం ఉండే జబ్బు. అలాగని నీదీ అదేనని నేననను.

పొద్దున్న లేచాక వేళ్లు మడవడానికి ఎంతసేపు పడుతోందో చూసుకో. గంట దాటినా బిగుసుకునే ఉండి, కణుపులు, మణికట్లు ఉబ్బి వేడిగా ఉంటే రుమటాయిడ్ కీళ్లవాతాన్ని అనుమానించాలి. ఫైబ్రోమయాల్జియాలోనూ బిగుతు ఉంటుంది, చేతులు వాచినట్టే అనిపిస్తాయి. కానీ చూసేవాళ్లకి వాపు కనబడదు. ఆ తేడా తెలియక ‘వాచాయండీ’ అని చెప్పి డాక్టరుగారిని నేనే తికమక పెట్టాను. నువ్వు వాచాయనిపించినప్పుడల్లా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో.

మన ఎండల్లో కూడా చలేస్తోందన్నావు, బరువు పెరిగానన్నావు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించావా? థైరాయిడ్ తగ్గినా ఒళ్లంతా ఇలాగే నొప్పులు, నీరసం. విటమిన్ డి, బీ12, హిమోగ్లోబిన్ కూడా చూపించు. ఇంత ఎండలో డి తక్కువేమిటని నవ్వకు, రోజంతా కుట్టుమిషను ముందే కూర్చుంటావాయె. డి బాగా తగ్గితే తొడల్లో, నడుములో నొప్పి పట్టుకుని కింద కూర్చుంటే లేవలేం. చికున్‌గున్యా తగ్గాక కూడా కీళ్లనొప్పులు నెలల తరబడి ఉండొచ్చు, అందుకని ఆమధ్య వచ్చిన జ్వరం సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు.

నోట్లో పుళ్లు, బుగ్గల మీద ఎర్ర మచ్చలు ఉంటే లూపస్ (ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బు) ఉందేమో చూడ్డానికి ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష రాస్తారు. అది కొద్దిగా పాజిటివ్ వస్తే బెంగపడకు, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ వస్తుంది. జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకు.

ఫైబ్రోమయాల్జియాని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. 1990 నాటి పద్ధతిలో ఒంటిమీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉందా అని చూసేవారు. 2010 నుంచి ఎన్ని చోట్ల నొప్పి, నిద్ర లేచాక ఒళ్లు తేలికపడుతోందా, నీరసం ఎంత, మతిమరుపు ఉందా అని అడిగి లెక్క వేస్తున్నారు. ఈ బాధలు కనీసం 3 నెలలైనా సాగి ఉండాలి. కాబట్టి ఇవాళ్టి నుంచి రోజూ ఒక నోట్‌బుక్కులో రాయి. ‘ఒళ్లంతా నొప్పులు’ అని రాస్తే లాభం లేదు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాక అన్నది రాయి.

ఇంకో సంగతి. ఊళ్లో ఎవరో నొప్పుల సూది వేస్తారని వెళ్లకు. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండ్రోజులు హాయిగానే ఉంటుంది. కానీ లోపల నిజంగా కీళ్లవాతమే ఉంటే అది కప్పబడిపోయి డాక్టరుకి చిక్కదు.

నా జబ్బు పేరు తెలిశాక నేను ఇంకో తప్పు చేశాను. అరికాళ్ల మంటలు కూడా ఫైబ్రోమయాల్జియా వల్లేనని ఏడాది ఊరుకున్నాను. తీరా అది షుగరు.

శనివారం వస్తానన్నావుగా, పాత రిపోర్టులూ మందుల చీటీలూ తీసుకురా. కాకినాడలో రుమటాలజిస్టు (కీళ్లవాతాల డాక్టరు) దగ్గరికి ఇద్దరం వెళ్దాం.

నీ దొడ్డమ్మ