పాళ్లు కాగితం మీద ఉంటాయి, పెత్తనం తొట్టి దగ్గర ఉంటుంది

"12 కోడిపెట్టలున్నాయి, బస్తా దాణా మానేసి ఇంట్లోనే కలుపుకుందామనుకుంటున్నాను, ఏది ఎంత వేయాలి?" అని కదా మీరు అడిగింది. నేనూ సరిగ్గా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. పాళ్లు చెప్తాను. కానీ పాళ్లు తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదని నాకు నేర్పింది మా పెద్దక్క. పెద్దక్క అంటే మనిషి కాదు, ఎర్ర పెట్ట. మందలో అందరికంటే ముందు తొట్టి దగ్గరికి వచ్చేది, అడ్డొచ్చినదాని నెత్తిన పొడిచేది.

ముందు లెక్క. మొక్కజొన్నలో మాంసకృత్తులు 9 శాతం దాకా ఉంటాయి, సోయా చెక్కలో, అంటే సోయా గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పిప్పిలో, 45 దాకా. గుడ్లు పెట్టే కోడికి దాణాలో 16, 17 శాతం కావాలి. 17 లోంచి 9 తీసేస్తే 8, అది చెక్క వాటా. 45 లోంచి 17 తీసేస్తే 28, అది మొక్కజొన్న వాటా. అంటే ఏడు పాళ్లకు రెండు పాళ్లు. తవుడు, గుల్లపొడి (కాల్షియం కోసం వేసే ఆల్చిప్పల పొడి) చేరాక ఈ లెక్క కొంచెం కదులుతుంది కాబట్టి నేను 10 కిలోలకు ఇలా కలుపుతాను: మొక్కజొన్న రవ్వ ఐదున్నర కిలోలు, సోయా చెక్క 2 కిలోల 200 గ్రాములు, తవుడు 1 కిలో 200, గుల్లపొడి 900 గ్రాములు. మిగిలిన 200 గ్రాముల్లో ఉప్పు 30 గ్రాములు, తక్కినది డీసీపీ (కాల్షియం, భాస్వరం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి), విటమిన్లు, ఖనిజాల మిక్చర్. మిక్చర్ ఎంత వేయాలో ప్యాకెట్ మీదే ఉంటుంది, అంతకు మించి వేయకండి. ఉప్పు, మిక్చర్ ముందు గుప్పెడు తవుడులో కలపాలి, దాన్ని ఇంకో రెండు గుప్పెళ్లలో కలపాలి, ఆ తర్వాతే కుప్పలో పోయాలి. నేరుగా చల్లితే ఒక కోడికి ఉప్పంతా, ఇంకో కోడికి ఏమీ ఉండదు. పెట్ట రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. మీ పన్నెండింటికి ఈ 10 కిలోలు వారం వస్తాయి. అంతకంటే ఎక్కువ ఒకేసారి కలిపి పెట్టుకోవద్దు, తవుడులో నూనె ఉంటుంది, ముక్కిపోతుంది.

ఇక అసలు సంగతి. నేను గ్రాముల త్రాసు పెట్టి, నోటుబుక్కులో రాసుకుని మరీ కలిపాను. మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే గూట్లో చెయ్యి పెడితే వేళ్లకు మెత్తగా, వెచ్చగా తగిలింది, నీళ్లు పోసిన బెలూన్‌లా. తోలుగుడ్డు, అంటే గట్టి పెంకు కట్టని గుడ్డు. పైకి తీసేలోపే జారి గడ్డిలో పగిలింది, రెండు పెట్టలు పరిగెత్తుకొచ్చి తాగేశాయి. గుడ్డు రుచి మరిగిన కోడిని మాన్పించడం ఎంత కష్టమో పెంచినవాళ్లకు తెలుసు. తర్వాతి పది రోజుల్లో ఇలాంటివి మూడు వచ్చాయి. టెన్షన్‌తో గుల్లపొడి రెట్టింపు చేశాను. అవి తినడమే తగ్గించాయి. చెక్క మంచిది కాదేమోనని చెక్క మార్చాను. ఏమీ మారలేదు.

గడప మీద కూర్చుని ఇదంతా చూస్తున్న అమ్మ ఒక్క మాట అంది: "ఒరేయ్, అది మేత తింటోందా, ఏరుకుంటోందా? ముందది చూడు."

బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను, గంటసేపు. పెద్దక్క వచ్చింది. ముక్కుతో టకటకా పక్కకు చిమ్ముతోంది. పొడి తొట్టి అంచు దాటి నేలమీద పడుతోంది, పసుపు ముక్క కనబడగానే గుటుక్కు. మళ్లీ చిమ్మడం, మళ్లీ గుటుక్కు. పావుగంటలో కడుపు నింపుకుని వెళ్లి ఇసుకలో పొర్లింది. తర్వాత రెండోది, మూడోది, అన్నీ అదే వరస. చిట్టచివర వచ్చింది నల్లది. అన్నింటిచేతా పొడిపించుకుని మెడ మీద ఈకలు ఊడిపోయిన పెట్ట. అది వచ్చేసరికి తొట్టిలో మిగిలింది పొడి మాత్రమే. సోయా, తవుడు, గుల్ల, ఖనిజాలు, అంటే నేను డబ్బు పోసి కొన్నదంతా. పాపం అదే తింది.

గుడ్లు చూస్తే అర్థమైంది. నల్లదాని గుడ్డు చిన్నది, కానీ పగలగొట్టడానికి గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టాలి. పెద్దక్క గుడ్డు పెద్దది, బొటనవేలు నొక్కితే చిట్లుతుంది. మందకు పెద్దదని మనం అనుకునేది ఒట్టి మొక్కజొన్న తిని బతుకుతోంది, అందరి చేత తన్నులు తినేది పుష్టిగా తింటోంది. కాగితం మీద దాణా ఒక్కటే. తొట్టిలో మాత్రం రెండు దాణాలున్నాయి.

నా తప్పు ఇంకోటుంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం తొట్టిలో మిగిలిన పొడిని "ఎంగిలి" అనుకుని ఎరువు కుప్పలో పారబోసేవాడిని. ఆ రోజు తూచాను. 1,300 గ్రాములు వేస్తే 400 గ్రాముల పొడి మిగిలింది. ఇన్ని వారాలుగా ఎరువు కుప్పకు సోయా మేపుతున్నానన్నమాట.

మర్నాటి నుంచి మూడు పనులు చేశాను. మొక్కజొన్నను ఇంకొంచెం సన్నగా ఆడించాను, పిండిలా కాదు, రవ్వలా. దాణా మీద కాసిని నీళ్లు చిలకరించి పొడి ముక్కకు అంటుకునేలా కలిపాను. తడిపింది గంటా రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలితే తీసేయాలి, పులిసి బూజు పడుతుంది. రెండో తొట్టి కూడా పెట్టాను, పెద్దక్క ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు కదా. ఇప్పుడు గంటా రెండు గంటల్లో తినేసేంతే వేస్తాను, తొట్టి ఖాళీ అయ్యాకే కొత్తది.

ఇక గుల్ల. మెత్తటి పొడి ఒక్కటే చాలదని నా గట్టి నమ్మకం. గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఆ పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట, కోడి నిద్రపోతున్నప్పుడు. పొడి అప్పటికే లోపల్నుంచి జారిపోతుంది. పెద్ద పలుకులైతే కందనకాయలో ఆగి మెల్లగా కరుగుతూ రాత్రంతా పనికొస్తాయి. అందుకే పలుకుల గుల్ల విడిగా ఒక గిన్నెలో పెట్టాను. పొద్దున ఎవరూ దాని వంక చూడరు. పొద్దు వాలేసరికి గుడ్లు పెట్టేవన్నీ అక్కడే. వాటికి ఎవరు చెప్పారో! తోలుగుడ్లు రెండు వారాల్లో ఆగిపోయాయి.

మీ దగ్గర కోడిపిల్లలు కూడా ఉంటే పైన చెప్పిన దాణా వాటికి వేయొద్దు. అంత కాల్షియం ఎదిగే పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. అన్నీ కలిసి తిరిగే చోట అందరికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్లకు వేసే, కాల్షియం తక్కువుండే దాణా) వేసి, గుల్ల గిన్నె విడిగా పెట్టడమే తేలిక. గుడ్లు పెట్టనివి దాని జోలికి పెద్దగా పోవు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ నాకు ఆగదు. "సహజంగా వదిలేయండి, దానికి ఏం కావాలో అదే ఏరుకుంటుంది" అని ప్రతి వీడియోలో ఎవరో ఒకరు చెప్తుంటారు. గుల్ల సంగతిలో నిజమే, మొక్కజొన్న సంగతిలో పచ్చి అబద్ధం. మిఠాయి కొట్లో వదిలేసిన పిల్లాడిని పోషకాహార నిపుణుడంటారా? "ఒక్క చెంచా ఈ పొడి వేయండి, పది రోజుల్లో గుడ్లు రెట్టింపు" అనేవాళ్లు ఇంకో రకం. ఒక గుడ్డు తయారవడానికే ఇంచుమించు పూర్తి రోజు పడుతుంది, రెట్టింపు ఎక్కణ్నుంచి వస్తుంది? ఈకలు రాల్చే కాలంలో ఎటూ గుడ్లు ఆగుతాయి, మళ్లీ మొదలైనప్పుడు ఆ పేరంతా చెంచా పొడికి వస్తుంది.

తవుడు అంటే పొట్టే కదా అని తీసేసేవాళ్ల కోసం ఒక కథ. 1890 ప్రాంతంలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడి దగ్గరున్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేస్తుండేవారు. కొత్త వంటవాడొచ్చి సైనికుల అన్నం ఈ కోళ్లకెందుకని ఆపేశాడు, పాలిష్ పట్టని బియ్యం వేయడం మొదలుపెట్టారు, కోళ్లు లేచి తిరిగాయి. ఆ తవుడులో ఉన్నదే తర్వాత బీ1 విటమిన్‌గా తేలింది, ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. వంటవాడికి ఏమీ రాలేదు.

బూజు పట్టిన గింజ మాత్రం కడిగి ఎండబెట్టి కూడా వేయకండి, విషం గింజలోనే ఉండిపోతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోతే కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలింది. ఆ బూజు విషానికి అఫ్లాటాక్సిన్ అనే పేరు ఆ తర్వాతే పుట్టింది. పచ్చి సోయా గింజలు కూడా అలాగే వేయొద్దు, వేయిస్తేనే వాటి మాంసకృత్తులు కోడికి అరుగుతాయి.

ఇంతకీ కలుపుకోవాలా, కొనాలా? గింజ మీ చేతికి చవగ్గా దొరుకుతూ, రోజూ పావుగంట తొట్టి దగ్గర కూర్చునే ఓపిక ఉంటే కలుపుకోండి. లేదంటే పన్నెండు కోళ్లకు పెల్లెట్ బస్తా నయం. దాని పోషకాల గురించి నాకు గొప్ప అభిప్రాయమేమీ లేదు. ప్రతి గుళికలోనూ అన్నీ ఉంటాయి కాబట్టి ఏరుకోవడానికి ఏమీ ఉండదు, అంతే. పెద్దక్కకు ఒకసారి వేసి చూశాను. ఐదు నిమిషాలు అటూ ఇటూ చిమ్మింది, పసుపు ముక్క దొరకలేదు, నా వైపు ఒకసారి చూసి తినడం మొదలుపెట్టింది.